మట్టిపలక మీద మనవాళ్ళ ఫొటో



ఈ రోజు మీతో ఒక చేతిపనిని గురించి మాట్లాడదలచుకున్నాను. అల్లికలు, కుట్లు, పూసల పని, పాత చీరలతో బొంతలు, వీటన్నిటిని గురించి మీరు ఎన్నోసార్లు వినే ఉంటారు. ఇది వాటికంటే కొంచెం వేరు. మన ఇంట్లో ఉన్న ఒక ఫొటోను మట్టితో చేసిన పలక మీదికి ఎక్కించి, దానిని కుమ్మరి ఆవంలో కాల్పించి, గోడకు అందంగా పెట్టుకోవడం ఎట్లాగో చెబుతాను. టైలు అంటున్నామే, అదేనండి. కాకపోతే కొట్లో కొన్నది కాదు, మన చేత్తో చేసుకున్నది.

"ఫొటోలు ఆల్బంలో భద్రంగా ఉండనే ఉన్నాయి కదా, మళ్ళీ ఈ మట్టిపని ఎందుకు?" అని మీరు అడగవచ్చును. అడగవలసిన మాటే.

కర్నూలువాళ్ళకు ఆ ప్రశ్నకు జవాబు 2009వ సంవత్సరం అక్టోబరు 2వ తేదీన దొరికింది. తుంగభద్ర, హంద్రి రెండూ పొంగి ఊళ్ళోకి వచ్చేశాయి. మేడలున్నవాళ్ళు మేడలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. నీళ్ళు తీశాక కిందికి దిగి చూస్తే బీరువాలు, పరుపులు, బియ్యం బస్తాలు అన్నీ బురదే. బీరువా మళ్ళీ కొన్నాము, పరుపులు మళ్ళీ కుట్టించుకున్నాము. ఫొటోలు ఎక్కడ కొంటాము? ఆ వారమంతా ఏ ప్రహరీ గోడ మీద చూసినా పెళ్ళి ఫొటోలు ఆరబెట్టి ఉండేవి. చాలావాటిలో మనుషులు లేరు, రంగు మరకలున్నాయి.

ఎందుకట్లా జరిగిందో తెలుసుకుంటే మంచిది. ఫొటో కాగితం మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ అనే సన్నని పొర. పశువుల తోళ్ళు, ఎముకల నుంచి తీసే జిగురు జాతి పదార్థం అది. నీళ్ళలో నానితే ఉబ్బి మెత్తబడుతుంది. ఆరేటప్పుడు పక్కనున్న కాగితానికి అతుక్కుపోతుంది. విడదీయబోతే బొమ్మ ఊడి వస్తుంది. వరద రాని ఇళ్ళలో మాత్రం సుఖమా? పటానికి వేసిన పూలదండ తడి, అగరొత్తుల పొగ, కాగితం తినే పురుగులు, మన సీమ ఎండ, ఇవన్నీ కొద్దికొద్దిగా ఆ పనే చేస్తుంటాయి. 1970, 80ల నాటి రంగుల ఫొటోలు ఒకసారి తీసి చూడండి. పచ్చ చీర, నీలం చొక్కా అన్నీ కలిసి ఎర్రబారిపోయి ఉంటాయి. ఆ రంగులు చీకట్లో దాచినా వెలిసిపోయే జాతివి.

"ఇప్పుడన్నీ ఫోనులో ఉన్నాయి లెండి" అంటారు పిల్లలు. ఫోను నీళ్ళ బక్కెట్లో పడితే ఏమవుతుందో మన అందరికీ అనుభవమే!

కాల్చిన మట్టి సంగతి వేరు. మట్టిని ఒకసారి బాగా కాల్చినాక అది మళ్ళీ మట్టి కాదు. ఎంత నానినా బురదగా మారదు. పాటిదిబ్బలు తవ్వినచోట ఆ కాలపు బట్ట దొరకదు, చెక్క దొరకదు, తాటాకు దొరకదు. కుండపెంకు మాత్రం దొరుకుతుంది. వంట చేసిన మసి కూడా దాని అడుగున అట్లాగే ఉంటుంది.

రంగు విషయమూ అంతే. మన జిల్లాలో ఓర్వకల్లు మండలం కేతవరం దగ్గర బండల మీద ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి. ఎర్రమన్నుతో గీసినవి. ఎన్ని వానలు కురిశాయో, ఎన్ని ఎండలు కాశాయో, ఆ ఎరుపు ఇంకా ఉంది. అది ఇనుము ఇచ్చిన ఎరుపు, తుప్పు జాతిది. మనం గడపలకు, అరుగులకు పూసే జాజు కూడా ఆ జాతిదే. బేతంచెర్ల వైపు గనుల్లో తీసే ఓకరు మన్నూ అదే. అది ఎండకు వెలవదు, మంటకు కాలిపోదు. అంటే మంచి పలకకు కావలసిన మట్టీ, రంగూ రెండూ మన కాళ్ళ కిందనే ఉన్నాయన్నమాట.

ఫొటోను కాల్చి నిలపడం కొత్త విద్య ఏమీ కాదు. ఫ్రాన్సు దేశంలో బ్యులో, కత్తెన్ అనే ఇద్దరు 1854లోనే ఫొటోను పింగాణీ మీద కాల్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. ఆ తరువాత యూరపులో సమాధి రాళ్ళ మీద కోడిగుడ్డు ఆకారపు పింగాణీ బిళ్ళలు పెట్టి, వాటిలో పోయినవారి ముఖం చూసుకునే ఆచారం వచ్చింది. ఇక మన దేశానికి వస్తే, 20వ శతాబ్దం మొదటి సగంలో జపాను నుంచి రంగురంగుల టైల్స్ ఓడల్లో వచ్చేవి. వాటిలో మన దేవుళ్ళ బొమ్మలవీ ఉండేవి. కొన్ని రవివర్మ పటాల పోలికలోనే చేశారు. తమిళనాట చెట్టినాడు ఇళ్ళకు పోయినవారు జపాను టైల్స్ చూసే ఉంటారు.

ఇప్పుడు బజారు సంగతి చెబుతాను, ఎందుకంటే ముందుగా మీరు అక్కడికే పోతారు. కప్పుల మీద ఫొటో వేసే కొట్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. టైలు మీద కూడా వేసి ఇస్తారు. వాళ్ళు చేసేది ఏమిటంటే, ఒక ప్రత్యేకమైన ప్లాస్టిక్ పూత పూసిన టైలు మీద రంగు కాగితం పెట్టి, దాదాపు 200 డిగ్రీల వేడి దగ్గర ఇస్త్రీ చేసినట్టు నొక్కుతారు. రంగు ఆవిరై ఆ పూతలోకి దిగుతుంది. చూడటానికి ఎంతో బాగుంటుంది. పుట్టినరోజుకు బహుమతిగా ఇవ్వడానికి నిక్షేపంగా పనికివస్తుంది. కాని అందులో బొమ్మ ఉన్నది పూతలో, మట్టిలో కాదు. ఎండ తగిలేచోట పెడితే వెలిసిపోతుంది. గిన్నెలు తోమే పీచుతో రుద్దితే గీతలు పడతాయి. దానిని నమ్మి అసలు ఫొటోను అశ్రద్ధ చేయకూడదు. అందుచేత కొట్లో ఒక్క ప్రశ్న అడగండి: "అబ్బాయీ, ఇది అద్దినదా, బట్టీలో కాల్చినదా?" జవాబును బట్టి ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.

నిజంగా కాల్చే పద్ధతులూ ఉన్నాయి. బట్టీని తట్టుకునే రంగులతో బొమ్మను ఒక పలుచని పొర మీద అచ్చువేసి, దానిని నీళ్ళలో నానబెట్టి, జారే పొరను మెరుపు టైలు మీద అంటించి, సుమారు 800 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇందులోనే ఒక చమత్కారం ఉంది. కొన్ని లేజర్ ప్రింటర్ల నల్లపొడిలో ఇనుము కలిసి ఉంటుంది. ఆ ప్రింటరుతో అట్లాంటి పొర మీద ఫొటో తీసి కాలిస్తే నలుపంతా మండిపోయి, ఇనుము మిగిలి, గోధుమ రంగులో పాతకాలపు ఫొటోలాగా నిలుస్తుంది. చూశారా, మళ్ళీ మన జాజు సంగతే! అయితే అన్ని ప్రింటర్ల పొడిలోనూ ఇనుము ఉండదు. ముందు ఒక చిన్న ముక్క కాల్చి చూసుకోవాలి. విద్యుత్ బట్టీ ఉన్న స్టూడియో హైదరాబాదులోనో బెంగళూరులోనో మీకు పరిచయమైతే ఇది చేయించుకోవచ్చును.

ఇక మన ఇంట్లో, మన చేత్తో, మన ఊరి కుమ్మరి సాయంతో చేసుకునే పద్ధతి. ఇందులో ఫొటో ఉన్నదున్నట్టుగా రాదు. ఫొటోను చూసి గీసిన బొమ్మ వస్తుంది. కాని ముగ్గు వేసే చేతులు మనవి. చుక్క తప్పకుండా గీత తిప్పడం వచ్చినవాళ్ళకు ఇది రాకపోదు.

ముందు మట్టి. మన పొలాల్లోని నల్లరేగడి పనికిరాదు. నానితే ఉబ్బుతుంది, ఆరితే బీటలు వారుతుంది. అందులో సున్నపు రాళ్ళ పలుకులు కూడా ఉంటాయి. ఆవంలో కాలినప్పుడు ఆ పలుకు సున్నమవుతుంది. వారం తరువాత గాలిలోని తేమ పీల్చి ఉబ్బి, పలక ముఖం మీద పెచ్చు లేపుతుంది. కాబట్టి కుమ్మరివారు తమ కుండలకు కలిపి పెట్టుకున్న మట్టినే అడిగి తెచ్చుకోండి. ఏ చెరువు మట్టిలో ఏది ఎంత కలపాలో వాళ్ళకు తరతరాలుగా తెలుసు. ఆ మట్టికి నాలుగు పాళ్ళకు ఒక పాలు చొప్పున, పాత కుండపెంకు దంచి జల్లించిన పొడి కలపండి. ఉప్మారవ్వంత సన్నగా ఉంటే చాలు. ఇది కలిస్తే పలక వంకర పోదు.

మట్టిని చపాతీ పిండి పిసికినట్టు బాగా పిసకండి. లోపల గాలి బుడగలు ఉండకూడదు. తడిపి పిండిన పాత పంచె పరిచి, దాని మీద మట్టిముద్ద పెట్టి, రెండు పక్కలా వేలి మందం చెక్క బద్దలు పెట్టి, వాటి మీదుగా చపాతీ కర్ర నడపండి. పలక అంతా ఒకే మందాన వస్తుంది. తరువాత అట్టముక్క కొలత పెట్టి చతురస్రంగా కోయండి. ఆరి, కాలేసరికి మట్టి పదోవంతు దాకా చిక్కిపోతుంది. ఆరంగుళాల పలక కావాలంటే ఆరున్నర అంగుళాలకు ఇంకొంచెం ఎక్కువే కోయాలి. వెనకవైపు ఫోర్కుతో నాలుగు గాడులు గీస్తే రేపు సిమెంటు బాగా పట్టుకుంటుంది. వేలాడదీసే ఉద్దేశం ఉంటే పైన రెండు రంధ్రాలు ఇప్పుడే చేయాలి, కాలినాక కుదరదు. రంధ్రం కూడా చిక్కిపోతుంది కాబట్టి మేకు కంటె పెద్దదిగా చేయండి.

ఇక ఆరబెట్టడం. తొందరపడ్డారా, పని చెడుతుంది. మన ఎండలకు పలక ఒక పూటలో పైకి ఆరి, కింద పచ్చిగా ఉండి, అప్పడంలాగా లేస్తుంది. నీడపట్టున, రెండు చెక్కల మధ్య వార్తాపత్రికలు వేసి, పైన కొంచెం బరువు పెట్టి, రోజుకొకసారి తిప్పుతూ ఉండండి. వేలితో నొక్కితే గుంత పడకుండా, గోటితో గీస్తే మాత్రం గీత పడే పదును ఒకటి వస్తుంది. బొమ్మ వేయవలసింది అప్పుడే.

ఆ పదునులో తెల్లపూత పూయాలి. చైనా క్లే అని రంగుల కొట్లలో దొరికే తెల్లమన్ను రెండు పాళ్ళు, మన మట్టినే గుడ్డలో వడగట్టినది ఒక పాలు, నీళ్ళతో పలుచని దోసెపిండిలాగా కలపండి. మెత్తని కుంచెతో ఒక పూత ఆరాక ఇంకొకటి, మూడు పూతలు పూయండి. పూత కొద్దిగా బిగిసినాక చెంచా వెనకవైపుతో నెమ్మదిగా రుద్దితే మట్టిని గట్టిగా పట్టుకుంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. తెల్లగా ఉంది కదా అని ముగ్గుపిండో, గోడల సున్నమో పూయకండి. ఆవం వేడికి అది సున్నమై, తరువాత పొడిపొడిగా రాలిపోతుంది. చైనా క్లే పొడి గాలిలో లేపకండి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. నేలను తడిగుడ్డతోనే తుడవండి, చీపురుతో ఊడ్చకండి.

ఇప్పుడు ఫొటో. అసలు ఫొటోను మట్టి దరిదాపులకు తేవద్దు. దానిని జెరాక్సు కొట్టుకు తీసుకుపోయి, పలక కొలతకు పెద్దది చేయించి, "నలుపు బాగా నల్లగా, తెలుపు బాగా తెల్లగా రానీ" అని చెప్పండి. సగం నీడలన్నీ పోయి బొమ్మ రెండే రంగుల్లో తేలుతుంది. ఆ కాగితాన్ని పూత మీద పరిచి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో గీతల మీద నడపండి. కాగితం తీస్తే కింద పూత మీద సన్నని గాడి కనిపిస్తుంది. దాని వెంబడి దబ్బనంతో గీకండి. తెల్లపూత పోయినచోట ఎర్రమట్టి బయటపడుతుంది. జెరాక్సులో ఎక్కడెక్కడ నలుపు ఉందో అక్కడక్కడ పూత తీసేస్తే బొమ్మ వచ్చినట్టే. జుట్టు, చీర అంచు ఇంకా ముదురుగా కావాలంటే గీకినచోట జాజునీళ్ళు కుంచెతో అద్దండి. జాజు మాత్రం అసలైన మన్నుదే అయి ఉండాలి. రంగు కలిపిన పొట్లాం జాజు అయితే ఆ రంగు మంటలో కాలిపోతుంది.

ముఖం గీసేటప్పుడు ఎన్ని తక్కువ గీతలు గీస్తే అంత పోలిక వస్తుంది. ముక్కును చుట్టూ గీయకండి, ఒక పక్క నీడ చాలు. కనుబొమలు, కంటి పై రెప్ప, కింది పెదవి నీడ, ఇవి సరిపోతాయి. మనిషిని గుర్తుపట్టించేవి ఏవో మనకు తెలుసు కదా, పెద్ద బొట్టో, రెండు పక్కల ముక్కుపుడకలో, మందపాటి కళ్ళజోడో, తల మీది కొంగో. వాటిని వదలకండి.

ఒకే ఫొటోకు కనీసం మూడు పలకలు చేయండి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నారు. ఆవంలో ఒకటి పగిలినా, ఒకటి మాడినా, ఒకటి దక్కుతుంది. మూడూ దక్కితే అక్కాచెల్లెళ్ళకు పంచండి.

కాల్చే వేళ కూడా చూసుకోవాలి. కార్తీకానికి ప్రమిదలు, ఎండాకాలానికి నీళ్ళ కుండలు, ఇట్లా కుమ్మరివారికి కాలాలున్నాయి. వానల్లో ఆవం పెట్టరు. ప్రమిదలు కాల్చేటప్పుడు మన పలకలు కూడా పెట్టమని ముందుగా పోయి మర్యాదగా అడగండి, తగిన డబ్బు ఇవ్వండి. ఆ పని మనకు సరదా కావచ్చును, వాళ్ళకు అది బతుకుతెరువు. పలకలు ఎముకలా ఆరి ఉండాలి. బుగ్గకు తాకిస్తే చల్లగా తగలకూడదు. చల్లగా ఉందంటే లోపల ఇంకా తేమ ఉందని అర్థం, అది ఆవంలో పగులుతుంది. ఒక పెద్ద కుండలో నిలువుగా పేర్చి పెట్టమని అడగండి, మంట నేరుగా తగలదు. గాలి బాగా ఆడితే మట్టి ఎర్రగా, పొగ లోపలే మూసుకుపోతే నల్లగా కాలుతుంది. ఆవం పూర్తిగా చల్లారేదాకా తీయమని తొందరపెట్టకండి. వేడి పలకకు చల్లగాలి తగిలితే టప్పున చీలుతుంది.

ఇంత శ్రమపడి ఎవరి ఫొటో వేయాలి? ఈ మాట చెప్పడానికే నేను ఇంతసేపూ మట్టి పిసికించాను మీ చేత!

మీ ఇంట్లో పాత గ్రూపు ఫొటో ఒకటి తీసి చూడండి. ముందు కుర్చీల్లో తాతగారు, ఆయన తమ్ముళ్ళు, వాళ్ళ తలపాగాలు, చేతికర్రలు. వెనక వరుసలో, ఒక మూల, సగం ముఖం స్తంభం చాటున, చంకలో బిడ్డతో ఒక ఆమె. ఆమె అవ్వ. ఆమెకు విడిగా ఫొటో లేదు. స్టూడియోకు ఎవరూ తీసుకుపోలేదు. లోకంలో ఆమె ముఖం మిగిలింది ఆ బొటనవేలి గోరంత చోటులోనే. తాతగారివి ఇంకా నాలుగు ఫొటోలున్నాయి. ఒకటి పోయినా మూడుంటాయి. ఎవరికి ఒక్కటే ఉందో వారిది ముందు మంటలో దాచుకోవాలి. ఆ మూలనున్న ముఖాన్ని జెరాక్సులో ఎంత పెద్దది చేసినా వివరాలు రావు, నిజమే. అందుకే చేతిగీత కావలసి వస్తుంది. కళ్ళు ఎట్లా ఉండేవో, బొట్టు ఎంత ఉండేదో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి గీయవచ్చును.

పలక వెనక ఆమె పేరు రాయండి. పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో పేరు, ఊరు, మీకు ఏమవుతారో, ఏ సంవత్సరంలో చేశారో గీయండి. ఫొటో వెనక సిరాతో రాసింది వెలిసిపోతుంది. కాల్చిన అక్షరం పోదు.

నాకు తెలిసిన ఒక ఇల్లాలు తన అత్తగారి తల్లి బొమ్మ వేసింది. బొమ్మ చక్కగా కుదిరింది. వెనక పేరు రాయబోతే పేరు తెలియదు. భర్తను అడిగితే "అవ్వ" అన్నాడు. మరిదిని అడిగితే "పెద్దవ్వ" అన్నాడు. చివరికి అత్తగారి దగ్గరికే పోయింది.

"అత్తా, మీ అమ్మ పేరేమి?"

ఆమె కాసేపు ఆలోచించి, "పేరెత్తి ఎవురు పిల్సినారులేమ్మా... సుంకులమ్మ అంటారు" అన్నదట. అని, పలకను చేతిలోకి తీసుకుని, "ముక్కుపుడక ఈ పక్క కాదు, ఆ పక్కన" అని వేలితో చూపించిందట. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది కనుక దిద్దుకున్నారు.

ఇంకొక నెల ఆలస్యమయి, పలక కాలిపోయి ఉంటే ఆ ముక్కుపుడక తప్పుగానే నిలిచిపోయేది. అడగడమే మరచి ఉంటే ఆ పేరు ఆ ముసలామెతోనే పోయేది. కాబట్టి సోదరీమణులారా, ఈ పనిలో మట్టి తెచ్చుకోవడం కంటె ముందు ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చోవడం ఉంది. ఫొటో చేతిలో పెట్టి "ఈమె ఎవరు? ఈమె పేరేమి? ఏ ఊరినుంచి వచ్చింది?" అని అడగండి. వాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.

ముఖాల బొమ్మలు వద్దనుకునే ఇళ్ళవారు ఉంటారు. వారు ఇంటి బొమ్మ వేసుకోవచ్చును. పుట్టింటి గడప, వాకిట్లో వేపచెట్టు, వీధి చివర మసీదు మీనారు, మన కొండారెడ్డి బురుజు, ఏదైనా సరే. 1980ల తొలినాళ్ళలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ, తుంగభద్ర ఒడ్డున మన ఊళ్ళెన్నో నీట మునిగాయి. ఆ ఊళ్ళ ఆడపడుచులు మన వీధుల్లోనే ఉన్నారు. పుట్టింటికి పోదామంటే వాళ్ళకు ఊరు లేదు. ఆ ఇంటి ఫొటో ఒక్కటి ఎవరి పెట్టెలోనైనా ఉంటే, దానికంటె విలువైన పలక ఇంకేముంటుంది? సంగమేశ్వరం గుడి చూడండి. ఏటా నెలల తరబడి నీళ్ళలో మునిగి, ఎండాకాలంలో మళ్ళీ తేలుతుంది. అది రాయి కనుక నిలిచింది. కాల్చిన పలక కూడా నీటిని అట్లాగే ఓర్చుకుంటుంది.

పలకను గోడకు పెట్టే విషయం రెండు మాటల్లో చెబుతాను. సొంత ఇల్లయితే, పలకను ముందు నీళ్ళలో నానబెట్టి, సిమెంటు ఇసుకతో అతికించండి. నానబెట్టకపోతే పలకే సిమెంటులోని నీళ్ళన్నీ పీల్చేస్తుంది, పట్టు రాదు. అద్దె ఇల్లయితే అతికించకండి. పాలిష్ పట్టిన కడప బండ ముక్క మీద బిగించి గూట్లో నిలబెట్టండి, లేదా మేకుకు తగిలించండి. ఇల్లు మారితే వెంట వస్తుంది. నల్లటి బండ మీద ఎర్రటి పలక ఎంత అందంగా ఉంటుందో చూస్తేగాని తెలియదు. పోపు చిందే పొయ్యి వెనక పెట్టకండి. మెరుపు లేని మట్టి నూనెను, పసుపును పీల్చుకుంటుంది. పూజలో పెట్టుకుంటే కుంకుమ నేరుగా ముఖం మీద అద్దకుండా, కింద చిన్న పళ్ళెంలో వేయండి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. వీటి మీద తినే పదార్థాలు వడ్డించకండి, ఇవి గోడకు మాత్రమే.

మొదటి పలక వంకరగా రావచ్చును. ముక్కు కొంచెం పెద్దదయి పిల్లలు నవ్వవచ్చును. నవ్వనివ్వండి. నవ్వుతూనే "ఈమె ఎవరమ్మా?" అని అడుగుతారు. అప్పుడు పలక తిప్పి పేరు చదివి వినిపించండి.

ఈ కార్తీకానికి మీ వీధి దగ్గర ప్రమిదలు కాల్చేలోగా ఒక్క ఫొటో ఎంచి పెట్టుకుంటారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.